శని, ఆదివారాలు మూసేస్తే లాడ్జి తెరిచినట్టేనా?

కోవిడ్ లాక్‌డౌన్‌ను సడలిస్తూ కేంద్ర హోంశాఖ 2020 మే 30న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం హోటళ్లు, రెస్టారెంట్లు, గుళ్లు జూన్ 8 నుంచి తెరుచుకోవచ్చు. అదే జూన్‌లో ఒడిశా ప్రభుత్వం గంజాంతో సహా 11 జిల్లాల్లో శని, ఆదివారాలు పూర్తి షట్‌డౌన్ పెట్టింది. రెండు ఉత్తర్వులకూ తగిన కారణాలే ఉన్నాయి. సూరత్ నుంచి వేలాదిగా కార్మికులు తిరిగొస్తున్న గంజాం జిల్లాలో అప్పుడు కేసులు పెరుగుతుండేవి, ఆపకపోతే ఆసుపత్రులు తట్టుకోలేకపోయేవి. కానీ గోపాల్‌పూర్ బీచ్ పక్కన పన్నెండు గదుల లాడ్జి నడుపుకునే మనిషికి ఆ రెండు ఉత్తర్వులూ కలిసి చేసింది ఏమిటంటే, గిరాకీ లేని ఐదు రోజులు తలుపు తీయించి, గిరాకీ ఉండే రెండు రోజులు మూయించడం.

ఇది ఎంత దెబ్బో అంకెల్లో పెడితే తెలుస్తుంది. ఒక ఊహా లెక్క వేద్దాం. వాచ్‌మన్, ఇద్దరు రూమ్‌బాయ్‌ల జీతాలు, కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీ, బ్యాంకు కిస్తీ, చిల్లర రిపేర్లు అన్నీ కలిపి నెలకు 90,000 రూపాయలు. గది అద్దె 900. దుప్పట్ల ఉతుకు, సబ్బులు, నీళ్లు, ఏజెంటు కమీషన్ పోగా గదికి రాత్రికి 650 మిగులుతుంది. అంటే నెల మొత్తం మీద 139 సార్లు గది అద్దెకు పోతేనే ఖర్చులు తిరిగొస్తాయి. పన్నెండు గదులు, ముప్పై రాత్రులు, మొత్తం 360. మామూలు రోజుల్లో శుక్ర, శని రాత్రులు లాడ్జి నిండితే వంద దాకా అక్కడే తీరిపోతుంది. మిగతా నలభై పోర్టు పనుల మీద వచ్చేవాళ్లు, పెళ్లి చుట్టాలు, దారిన పోయేవాళ్లు నింపుతారు. శని, ఆదివారాలు తీసేస్తే ఆ 139 మొత్తం వారం మధ్యలోని రాత్రులతోనే నింపాలి. అంటే సోమవారం నుంచి గురువారం దాకా కూడా సగానికి పైగా గదులు నిండాలి. మంచి సీజన్‌లో కూడా ఎవరూ చూడని గిరాకీ అది. దీనికి తోడు అతిథి వెళ్లాక గదిని ఒక రోజు ఖాళీగా ఉంచాలన్న జాగ్రత్త కూడా పాటిస్తే, ఒక్క రాత్రి బస చేసేవాళ్ల మీద బతికే లాడ్జికి ఉన్న గదులు కూడా సగమైపోతాయి.

అందుకే ఆ నెలల్లో చాలా చిన్న లాడ్జిలకు తెరవడం కన్నా మూసి ఉంచడమే తక్కువ నష్టం. పైగా జులై 17 నుంచి 31 వరకు గంజాం జిల్లా మళ్లీ పూర్తి లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. జూన్‌లో సిబ్బందిని ఊళ్ల నుంచి పిలిపించి, శానిటైజర్, థర్మల్ గన్, మాస్కులు కొని తెరిచినవాళ్లు పెట్టిన ఖర్చు చేతికి రాకముందే మళ్లీ తాళం వేశారు.

సరిహద్దు జిల్లాల పర్యాటకానికి ఇంకో చిక్కుంది. ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్లు. అక్కడి నుంచి గోపాల్‌పూర్ ఇంకో పదహారు. శ్రీకాకుళం, పలాస, సోంపేట వైపు కుటుంబాలకు ఇది పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి చేరే ప్రయాణం. రాయగడలో మజ్జిగౌరమ్మ గుడికి విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చే భక్తులు లేకపోతే గుడి ముందు కొబ్బరికాయల కొట్లు సాగవు. కోరాపుట్ జిల్లాలో డుడుమా జలపాతానికి, గుప్తేశ్వర్ గుహకు విశాఖ, అరకు వైపు నుంచి వచ్చే బళ్లే పెద్ద ఆసరా. అంటే అతిథి ఇల్లు ఒక రాష్ట్రంలో, అతను డబ్బు ఖర్చు పెట్టే చోటు ఇంకో రాష్ట్రంలో. మధ్యలో పురుషోత్తపురం, గిరిసోల చెక్‌పోస్టులు.

మే 30 ఉత్తర్వులోనే రాష్ట్రాల మధ్య రాకపోకలకు అడ్డు లేదని రాసి, అవసరమనుకుంటే రాష్ట్రాలు నియంత్రించుకోవచ్చని కూడా రాశారు. స్థానికంగా ఎవరికి తోచిన ఆంక్షలు వాళ్లు పెడుతుండటంతో, అవి తొలగించాలని ఆగస్టు 22న కేంద్ర హోం కార్యదర్శి అన్ని రాష్ట్రాలకూ లేఖ రాయాల్సి వచ్చింది. ఆ మధ్య కాలంలో హోటల్ తెరవడానికి ఉన్న నిబంధనలు ఎంత స్పష్టంగా ఉన్నా లాభం లేకపోయింది. చెక్‌పోస్టు దగ్గర ఏ కాగితం అడుగుతారో, దాటాక క్వారంటైన్‌లో పెడతారో లేదో తెలియని కుటుంబం పిల్లలతో కారు ఎక్కదు. లాడ్జి ఓనర్‌కు ఫోన్ చేసి అడిగితే ఆయన దగ్గరా జవాబు ఉండదు. 2021లో ఈ అయోమయం మళ్లీ వచ్చింది. ఏప్రిల్ 5 నుంచి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వైపు పది జిల్లాల్లో, కోరాపుట్, నబరంగ్‌పూర్, మల్కాన్‌గిరి సహా, రాత్రి కర్ఫ్యూ పెట్టారు. మే 5 నుంచి రాష్ట్రమంతా లాక్‌డౌన్. ఏప్రిల్, మే అంటే పిల్లలకు సెలవులు, సముద్రం ఒడ్డు ఊళ్లకు వేసవి సీజన్. వరసగా రెండేళ్లు ఆ సీజన్ పోయింది.

సాయం సంగతికొస్తే, మొదట వచ్చింది మారటోరియం. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు మూడు నెలల కిస్తీలు వాయిదా వెయ్యడానికి బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. మే 22న దాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించింది. ఇది బ్యాంకులకు ఇచ్చిన అనుమతే, ఆదేశం కాదు. ఆ తేడా పెద్ద బ్యాంకులో లోను ఉన్న హోటల్‌కు అంతగా తెలియలేదు గానీ, ఫైనాన్స్ కంపెనీ దగ్గర కారు తీసుకున్న బరంపురం టాక్సీ డ్రైవర్లకు బాగా తెలిసొచ్చింది. వాయిదా ఇవ్వాలా వద్దా అన్నది ఆ కంపెనీ ఇష్టం. ఇచ్చినా వడ్డీ ఆగదు. 11 శాతం వడ్డీకి 20 లక్షల అప్పు ఉంటే, ఆరు నెలలు కిస్తీ కట్టనందుకు దాదాపు లక్షా పన్నెండు వేలు అసలుకు చేరుతుంది. ఆ తర్వాత రెండు కోట్ల లోపు అప్పులకు చక్రవడ్డీ మాఫీ చేస్తున్నామని 2020 అక్టోబరులో కేంద్రం ప్రకటించినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. మాఫీ అయింది చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య తేడా మాత్రమే. ఇదే అప్పు మీద ఆ తేడా రెండున్నర వేలు. ఒక నెల వాచ్‌మన్ జీతానికి కూడా చాలని సొమ్ము.

రెండోది అసలైన సాయం, 2020 మేలో ప్రకటించిన అత్యవసర రుణ గ్యారంటీ పథకం. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న అప్పు మీద 20 శాతం దాకా కొత్త అప్పు, తాకట్టు లేకుండా, ప్రభుత్వం నూటికి నూరు శాతం హామీతో. బ్యాంకులు 9.25 శాతానికి మించి వడ్డీ వెయ్యకూడదు. మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు. 20 లక్షల అప్పున్న లాడ్జికి ఇలా 4 లక్షలు వచ్చేది, మొదటి ఏడాది నెలకు మూడు వేల చిల్లర వడ్డీ కట్టుకుంటే సరిపోయేది. ఈ డబ్బుతో నాలుగైదు నెలలు తలుపు మూసి కూర్చోవచ్చు. ఆ కాలంలో ఇది చాలా లాడ్జిలను నిలబెట్టగల పథకమే. హోటళ్లు, ట్రావెల్స్ మిగతా వ్యాపారాల కన్నా ఆలస్యంగా కోలుకుంటాయని గుర్తించి, 2021 మార్చి చివర్లో ఆ రంగానికి పరిమితిని 40 శాతానికి పెంచారు. గడువు ఆరేళ్లు, అందులో మొదటి రెండేళ్లు అసలు కట్టక్కర్లేదు. అయితే ఈ పెంపు వచ్చింది మొదటి లాక్‌డౌన్ పెట్టిన ఏడాదికి. ఆ ఏడాదిలో నగలు కుదువపెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి చేబదుళ్లు తెచ్చి నెట్టుకొచ్చినవాళ్లకు ఆ అప్పులు ఇందులో లెక్కకు రావు.

ఎందుకంటే ఈ పథకం ఉన్న బ్యాంకు అప్పు మీద కొలిచి ఇచ్చేది. ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో అప్పు లేనివాడికి అందులో సున్నా. పరువుగా బతుకుతూ బ్యాంకు అప్పు జోలికి పోకుండా, తండ్రి కట్టించిన ఇంటినే పైన రెండు గదులు వేసి గెస్ట్‌హౌస్ చేసుకున్న కుటుంబం ఈ లెక్కలో కనిపించదు. గది అద్దె వెయ్యి లోపు ఉంటే ఆ రోజుల్లో జీఎస్‌టీ లేదు, అందుకని చాలామందికి జీఎస్‌టీ నంబరూ లేదు. నంబరు లేకపోతే ఆదాయం ఎంత పోయిందో చూపించే కాగితమూ లేదు. పన్ను కట్టక్కర్లేని చిన్నవాడు కావడమే సాయం దగ్గర అడ్డమైంది. ఈ అన్యాయం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

పీఎఫ్ సాయమూ అంతే. వంద మంది లోపు ఉద్యోగులుండి, వాళ్లలో 90 శాతం మంది జీతం 15,000 లోపు ఉన్న సంస్థలకు, యజమాని వాటా, ఉద్యోగి వాటా రెండూ కలిపి 24 శాతం కేంద్రమే కొన్ని నెలలు కట్టింది. చదవడానికి చిన్న హోటళ్ల కోసమే రాసినట్టుంటుంది. కానీ పీఎఫ్ ఖాతా ఉన్న చిన్న హోటళ్లు ఎన్ని? సీజన్‌కు శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి, వంటింటి వెనక గదిలో పడుకుని, సీజన్ అయ్యాక ఊరెళ్లిపోయే కుర్రాడి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

ఈ జిల్లాల పర్యాటకం అలాంటి పేర్లు లేనివాళ్ల మీదే నిలబడింది. గోపాల్‌పూర్ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారులను ఒడియాలో నోలియాలంటారు. టోపీ పెట్టుకున్న నోలియా చెయ్యి పట్టుకుని అలల్లోకి దిగడం ఈ తీరంలో స్నానానికి వచ్చినవాళ్లకు తరతరాల అలవాటు. కెరటం ఎక్కడ లాగుతుందో అతనికి ఒళ్లే చెబుతుంది. స్నానానికి వచ్చిన కుటుంబం చేతిలో పెట్టే యాభయ్యో, వందో అతని సంపాదన. దీన్ని ఏ పథకం కింద లెక్కించాలి? అతను వీధి వ్యాపారి కాదు, టూరిస్ట్ గైడ్ కాదు, హోటల్ ఉద్యోగీ కాదు. వేటకు వెళ్లినంతవరకు మత్స్యకారుడు, బీచ్‌లో అతను చేసే పనికి మాత్రం పేరు లేదు.

బీచ్‌లో చేపల వేపుడు, ముర్రీ మసాలా, వేరుశనగలు, గవ్వల బొమ్మలు అమ్మేవాళ్లకు ఒక దారి దొరికింది. 2020 జూన్ 1న మొదలైన పీఎం స్వనిధి కింద పట్టణాల్లో వీధి వ్యాపారులకు అప్పట్లో 10,000 రూపాయల అప్పు, సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఇచ్చారు. గోపాల్‌పూర్, చిలికా సరస్సు ఒడ్డున రంభ రెండూ నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్లు, అంటే చిన్న పట్టణాల కింద లెక్క కాబట్టి అక్కడి తోపుడు బళ్లవాళ్లు దీనికి అర్హులయ్యారు. తప్తపాని వేడినీటి బుగ్గల దగ్గరో, డుడుమా దగ్గరో టీ కొట్టు పెట్టుకున్న మనిషి చేసేదీ అదే వ్యాపారం, అతని దగ్గర కొనేదీ అదే టూరిస్టు. కానీ ఊరు గ్రామ పంచాయతీలో ఉంది కాబట్టి పథకం అక్కడిదాకా వెళ్లలేదు. పర్యాటక స్థలాలు ఎక్కువగా ఊరి బయట, కొండల్లో, అడవి పక్కన ఉంటాయన్నది పథకం రాసినవాళ్ల ఆలోచనలోకి రాలేదు. రంభలో పడవ నడిపేవాళ్లకైతే పట్టణంలోనే ఉన్నా పని రకం కుదరలేదు.

2021 జూన్ 28న పర్యాటక రంగానికే ప్రత్యేకంగా ఒక గ్యారంటీ పథకం ప్రకటించారు. ట్రావెల్ ఏజెన్సీలకు 10 లక్షల దాకా, టూరిస్ట్ గైడ్లకు లక్ష దాకా అప్పు, ప్రాసెసింగ్ ఛార్జీలు లేవు, అదనపు తాకట్టు లేదు. షరతులు చూస్తే ఇంతకన్నా మంచి పథకం రాలేదనే చెప్పాలి. అయితే ఇది ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాళ్లకు. దేశమంతటికీ కలిపి ప్రభుత్వమే చెప్పిన లెక్క సుమారు 10,700 మంది గైడ్లు, 900 పైచిలుకు సంస్థలు. గుప్తేశ్వర్ గుహలో టార్చి పట్టుకుని ముందు నడిచే స్థానిక కుర్రాడు, జయపురం బస్టాండ్ దగ్గర నాలుగు కార్లు పెట్టుకుని ట్రిప్పులు కుదిర్చే మనిషి ఆ లెక్కలో ఉండే అవకాశం ఎంతో ఊహించుకోవచ్చు.

బీమా గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాలను కుదిపేసింది. తుపాను నష్టానికి పాలసీ ఉంటే డబ్బు వస్తుందని ఇక్కడి హోటల్‌వాళ్లకు అనుభవం. ఆ నమ్మకంతోనే 2020లో వ్యాపారం ఆగినందుకు కూడా వస్తుందనుకున్నారు. వ్యాపారం ఆగిన నష్టానికి ఇచ్చే పాలసీలు సాధారణంగా ఆస్తికి దెబ్బ తగిలితేనే వర్తిస్తాయి. పైకప్పు ఎగిరిపోతే డబ్బు, అతిథి రాకపోతే లేదు. ప్రభుత్వ యంత్రాంగంలోనూ ఇదే తేడా. తుపాను వస్తే రెవెన్యూ సిబ్బంది వచ్చి కూలిన ఇల్లు, విరిగిన పడవ లెక్క రాస్తారు. మహమ్మారిలో పడవ చెక్కు చెదరదు, ఒడ్డున ఎండుతూ ఉంటుంది. లెక్క రాయడానికి ఎవరూ రారు.

ఇక తెరిచేటప్పుడు పాటించాల్సిన నిబంధనల విషయం. 2020 జూన్ 4న ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో గుమ్మం దగ్గర టెంపరేచర్ చూడటం, లగేజీ మీద మందు చల్లడం, రెస్టారెంట్‌లో సగం సీట్లే నింపడం, ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచడం, బయటి గాలి వీలైనంత లోపలికి రానివ్వడం ఉన్నాయి. అప్పటికి తెలిసినంతలో రాసినవి. ఏడాది తిరిగేసరికి వైరస్ ముఖ్యంగా గాలి ద్వారా, మూసిన గదుల్లో వ్యాపిస్తుందని, వస్తువుల మీద నుంచి అంటుకునే ప్రమాదం చాలా తక్కువని తేలింది. కానీ అప్పటికి డబ్బంతా స్ప్రేలకూ థర్మల్ గన్లకూ పోయింది, కిటికీల గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ. థర్మల్ గన్ లక్షణాలు లేనివాళ్లను పట్టుకోలేదు కూడా. సముద్రం పక్క లాడ్జికి పైసా ఖర్చు లేని రక్షణ సముద్రం గాలే. తుప్పు పట్టి బిగుసుకుపోయిన కిటికీలను బాగు చేయించి, దోమతెర వేసి, బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, భోజనం బల్లలు వరండాలోకి మార్చితే ఆ ఖర్చు మహమ్మారి పోయాక కూడా పనికొస్తుంది. మళ్లీ ఇలాంటి జబ్బు వస్తే మొదటి రోజు నుంచే అది ఎలా అంటుతుందో చూసి, దాన్ని బట్టి డబ్బు ఖర్చు పెట్టాలి.

నెలల తరబడి మూసి ఉన్న కట్టడంలో వైరస్ కన్నా ముందు చూడాల్సింది నీళ్లు. ఓవర్‌హెడ్ ట్యాంకులో, పైపుల్లో, గీజర్లలో నిలిచిపోయిన నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవర్ తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాంతకమైన న్యుమోనియా రావచ్చు. దీని గురించి చిన్న లాడ్జిలకు చెప్పినవాళ్లు తక్కువ. ట్యాంకు కడిగి, క్లోరిన్ వేసి, అతిథిని రానిచ్చే ముందు ప్రతి గదిలో ప్రతి కుళాయీ కొన్ని నిమిషాలు వదిలెయ్యాలి. షవర్ తల విప్పి కింద పెట్టి వదిలితే తుంపర లేవదు. గీజర్ 60 డిగ్రీలకు వేడెక్కనివ్వాలి. ఆ పని చేసేటప్పుడు కిటికీ తెరిచి, మూతికి మాస్కు కట్టుకోవాలి. ఆ తర్వాత గ్యాస్ పైపు, లిఫ్టు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ గడువు, ఫుడ్ లైసెన్సు, వంటింట్లో గడువు దాటిన సరుకు. చిలికాలో పడవలైతే నెలలు ఎండలో ఉన్న చెక్క బీటలు వారి ఉంటుంది, లైఫ్ జాకెట్ల పట్టీలు ఎలుకలు కొరికి ఉంటాయి. టూరిస్టులను ఎక్కించే ముందు ఖాళీ పడవతో ఒక రోజు తిరిగి చూడాలి.

ఆరోగ్య శాఖ నిబంధనలు ఇంగ్లీషులో వచ్చాయి. గది ఊడ్చే అమ్మాయికి, వంటమనిషికి, పడవ నడిపే ఆయనకు అవి ఓనర్ నోటి మాటగానే చేరాయి. తెలుగులో, ఒడియాలో, కోరాపుట్ కొండల్లో కువి, దేశియా లాంటి భాషల్లో ఒక్క పేజీ బొమ్మలతో అచ్చు వేసి వంటింటి గోడకు అంటించి ఉంటే, పేజీల కొద్దీ కాగితం కన్నా ఎక్కువ పని జరిగేది.

అడ్వాన్సుల గొడవ కూడా మామూలుది కాదు. విమాన టికెట్ల డబ్బు వాపసు విషయంలో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న స్పష్టంగా చెప్పింది, లాడ్జి అడ్వాన్సులకు అలాంటి ఆధారం దొరకలేదు. దసరా సెలవులకు కోల్‌కతా నుంచి ఫోన్ మీద గది బుక్ చేసుకుని సగం డబ్బు పంపినవాళ్లు రీఫండ్ అడిగితే, ఓనర్ ఆ డబ్బు అప్పటికే జీతాలకు వాడేసి ఉంటాడు. తప్పెవరిదీ కాదు. ప్రభుత్వం ఆంక్షలు పెడితే ఏడాది లోపు ఎప్పుడైనా అదే గది, లేదా మూడు నెలల్లో డబ్బు వాపసు అని బుకింగ్ రోజే వాట్సాప్‌లో రాసి పెట్టుకుంటే చాలు. పాత అతిథి ఏళ్ల తరబడి వచ్చే మనిషి, అతనితో చెడితే రెండు వేల కోసం ఇరవై వేలు పోతాయి.

తర్వాతి సారికి ఇప్పుడే చేసుకోవాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. చిన్న వ్యాపారాల నమోదుకు కేంద్రం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంటర్నెట్ సెంటర్‌లో అరగంట పని. జీఎస్‌టీ అక్కర్లేని లాడ్జి కూడా అతిథుల రిజిస్టర్‌ను నెల నెలా మొత్తం వేసి, డబ్బు బ్యాంకు ఖాతాలోకి వేసుకుంటే ఆదాయానికి రుజువు తయారవుతుంది. పడవలవాళ్లు, నోలియాలు, గుడి ముందు కొట్లవాళ్లు, స్థానిక గైడ్లు, వీళ్ల పేర్లు జిల్లా పర్యాటక కార్యాలయం దగ్గర పని పేరుతో సహా నమోదై ఉండాలి. పట్టణమా పంచాయతీనా అన్నది చూడకూడదు. అప్పు కాకుండా చేతికి నేరుగా డబ్బు ఇవ్వాల్సింది మొదట వీళ్లకే, ఎందుకంటే వ్యాపారమే లేనప్పుడు అప్పు తీర్చే దారి వీళ్లకు లేదు.

సరిహద్దు విషయం మాత్రం లాడ్జిలవాళ్ల చేతుల్లో లేదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో కొత్త జిల్లాలు వచ్చాక రాయగడకు పార్వతీపురం మన్యం, కోరాపుట్‌కు అల్లూరి సీతారామరాజు జిల్లా పక్క జిల్లాలయ్యాయి, గంజాంకు మునుపటిలాగే శ్రీకాకుళం. ఈ పక్క పక్క కలెక్టర్లు ఒకే రోజు, ఒకే మాటగా, ఎవరు దాటవచ్చో, ఏ కాగితం కావాలో, ఎప్పటిదాకానో తెలుగులో, ఒడియాలో ప్రకటించి, మార్చేముందు కనీసం మూడు రోజుల గడువు ఇస్తే చాలు. శుక్రవారం సాయంత్రం పలాసలో కారెక్కే కుటుంబానికి గిరిసోల దగ్గర ఏమడుగుతారో బుధవారమే తెలియాలి, గోపాల్‌పూర్‌లో వాళ్ల కోసం చేపలు కొనాల్సిన వంటమనిషికి కూడా.